పెద్దల్లుడి పొగమాంసం

ఆకలైతే అన్నం పెట్టి తీర్చవచ్చు, జ్వరమొస్తే గోలీ వేసి తగ్గించవచ్చు. సడ్డకుడి మీద కుళ్లు పుడితే మాత్రం దానికి మందు లేదు. భార్య చెల్లెలి మొగుడంటే అసలే సున్నితమైన చుట్టరికం. ఇద్దరికీ ఒకే మామ, ఒకే అత్త, పండక్కి ఒకే ఇల్లు. ఎవరికి ఎంత మర్యాద జరిగిందో ఎదురుగానే కనిపిస్తుంది. వికారాబాద్‌లో మోటార్ల రివైండింగ్ దుకాణం నడిపే వెంకటేశ్వర్‌కు ఆ కుళ్లు ఉగాది నాడు లేచి కూర్చుంది. అంతకుముందు లేదని కాదు, ఉంది గానీ ముసుగు తన్ని పడుకుంది.

ఆ రోజు తాండూరులో మామగారింట్లో భోజనాలు అయ్యాయి. మామ ఈరయ్య బతుకంతా నాపరాళ్ల పాలిష్ మిషన్ల దగ్గర గడిపిన మనిషి. ఆ రాతిపొడి రొమ్ములో పేరుకుని దగ్గు పట్టుకుంది. ఇక పొగ దగ్గరికి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. ఆ సంగతి చెబుతుంటే ఈరయ్య ముఖం చిన్నబోయింది. ఎందుకంటే ఆ మనిషికి ఉన్న పేరంతా పొగతో వచ్చిందే.

పెరట్లో ఆయన తన చేతులతో కట్టుకున్న మట్టి గూడు ఒకటుంది. ఇంట్లో దాన్ని పొగపొయ్యి అంటారు. అడుగున కందికట్టె నిదానంగా రాజుకుంటూ ఉంటుంది. పైన ఇనుప కడ్డీలకు ఉప్పు, పసుపు, దంచిన మిరియాలు పట్టించిన మేక తొడలు వేలాడుతుంటాయి. పొద్దున కట్టినవి పొద్దు వాలేసరికి ఎర్రగా నిగనిగలాడుతూ దిగుతాయి. దసరాకు ఆ మాంసం కోసమే పరిగి నుంచి, పెద్దేముల్ నుంచి చుట్టాలు ఆటోలు కట్టించుకుని వస్తారు. ఆ పొయ్యి ముందున్న పీట మీద ఈరయ్య తప్ప ఇంకొకరు కూర్చున్న పాపాన పోలేదు.

"వచ్చే దసరకు నేను పొయ్యికాడ కూసోలేను," అన్నాడు ఈరయ్య చెయ్యి కడుక్కుంటూ.

వెంకటేశ్వర్ నిటారుగా సర్దుకుని కూర్చున్నాడు. మామకు కొడుకులు లేరు, ఇద్దరూ ఆడపిల్లలే. ఇంటికి పెద్దల్లుడు తను. వరుస చూసినా, వయసు చూసినా ఆ పీట తనదే. వెంటనే ఒప్పుకుంటే బాగుంటుందా, ఒకసారి వద్దని బెట్టు చేస్తే బాగుంటుందా అని ఆలోచిస్తున్నాడు.

"వినయ్‌ని కూసోబెడుత," అన్నాడు మామ. "ఏమంటవ్ కొడుకా?"

వినయ్ చిన్నల్లుడు. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మామగారింటికి రెండు సందుల అవతలే కాపురం. పెళ్లినాటి బట్టలు ఇంకా మాయలేదు, అప్పుడే కొడుకయ్యాడు! వెంకటేశ్వర్‌ను మామ ఎప్పుడూ 'అల్లుడా' అనే పిలిచాడు. అల్లుడా, కూసో. అల్లుడా, ఇంకింత తిను. ఆ పిలుపులో మర్యాదకు లోటు లేదు. లోటల్లా ఏమిటో ఆ క్షణందాకా వెంకటేశ్వర్‌కు తెలియలేదు.

నిజానికి ఈరయ్య మనసులో పెద్ద ఆలోచనేమీ లేదు. వినయ్ రోజూ కళ్లముందు తిరుగుతాడు. రాత్రి దగ్గు తెరలు వస్తే ఆసుపత్రికి బండి మీద తీసుకుపోయేది అతనే. నోటికి అతని పేరు ముందొచ్చింది, అంతే. కానీ కుళ్లుమోతుకు ఇలాంటి నిజాలు వంటబట్టవు.

తిరుగు ప్రయాణంలో రైలు కిటికీ పక్కన కూర్చుని వెంకటేశ్వర్ దసరాకు ఎన్ని నెలలున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టాడు. అరుణాదేవి మొగుడి ముఖం చూసి సంగతి కనిపెట్టింది.

"నాయన పీట వినయ్‌కిచ్చిండని మొఖం మాడ్చుకున్నవా? ఇంట్ల గ్యాస్ పొయ్యి గూడ ముట్టియ్యవు గద నువ్వు!"

"రాకుంటె నేర్చుకుంట. దసరదాక శానా టైముంది. నేర్చుకొని పట్టుకపోయి మీ నాయన ముందల పెడుత. అప్పుడు సూస్త, ఎవలిని కూసోబెడుతడో."

"మరి నాయన్నే అడుగు. ఎట్ల జెయ్యాల్నో చెప్తడు."

"అడుగుతె ఇంకేముంది?" అని కసిరాడు. అడిగితే రాదని ఒప్పుకున్నట్టే. పైగా మామ ఆ సంగతి వినయ్‌తో చెబుతాడు, ఇద్దరూ కలిసి నవ్వుకుంటారు. ఆ నవ్వు ఇప్పుడే చెవిలో వినిపించినట్టయి వెంకటేశ్వర్‌కు ఒళ్లు మండింది.

అలా మొదలైంది అతని పొగ చదువు. ఫోనులో వీడియోలు చూశాడు. అందులో తెల్లదొరలు బీరువాలంత ఇనుప పెట్టెల్లో మాంసం వేలాడదీస్తున్నారు. అంత పెట్టె ఎక్కడినుంచి తెస్తాడు? డాబా మీద, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన తాండూరు బండలు పడి ఉన్నాయి. నాలుగు నిలబెట్టి, పైన ఒకటి కప్పి, లోపల కోడికాళ్లు వేలాడదీసి కింద నిప్పు పెట్టాడు. మామగారి ఊరి రాయితో మామగారినే మించిపోతానని పొంగిపోయాడు కూడా.

తాండూరు బండ చల్లదనానికి పెట్టింది పేరు. ఎండాకాలం దాని మీద పడుకుంటే ప్రాణం లేచొస్తుంది. నిప్పు మాత్రం దానికి పడదని తాండూరులో పాలుతాగే పిల్లను లేపి అడిగినా చెబుతుంది. కాసేపటికి లోపల టప్పుమని ఒక పెచ్చు ఎగిరింది. వెంటనే ఇంకోటి. తర్వాత బండ బండంతా పటపటమని పేలి రెండుగా విరిగి కోడికాళ్ల మీద పడింది. వెంకటేశ్వర్ నీళ్లట్యాంకు చాటుకు దూకాడు.

పక్క డాబా మీద బట్టలు ఆరేస్తున్న అష్రఫున్నీసా గుండె మీద చెయ్యి వేసుకుంది. "యా అల్లా! ఏంది భయ్యా, దీపావళి ఇంక మస్తు దూరముంది గద!"

రెండోసారి పాత నూనె డ్రమ్ము తెచ్చాడు. పొగ ఎంత ఎక్కువైతే అంత రుచి అనుకుని, మండుతున్న కట్టె మీద నీళ్లు చిలకరించాడు. కడిగిన మాంసం కడిగినట్టే తడితడిగా వేలాడదీశాడు. డ్రమ్ములోంచి లేచిన పొగకు వీధి వీధంతా దగ్గింది. దిగిన మాంసం నోట్లో పెట్టుకుంటే లాంతరు చిమ్నీ నాకినట్టుంది. అష్రఫున్నీసా మళ్లీ గోడ దగ్గరికి వచ్చింది. ఈసారి నవ్వు లేదు.

"మా ఇంటాయన కమీజులన్నీ పొగ వాసనే భయ్యా. నమాజుకు ఏం తొడుక్కొని పోవాలె?" అంది. అతని ముఖం చూసి మళ్లీ జాలిపడింది. "మా ముసలి నాని గోష్ ముక్కలు ముందల గాలికి ఆరబెడుతుండె. చెయ్యి పెడితె జిగురుగ అంటుకోవాలె, అప్పుడు పొగ పట్టాలె. పొగ గూడ జర సన్నగ, కనపడి కనపడనట్టు. గింత పరేషాన్ ఎందుకు, ఎవరినన్న అడగరాదా?"

అందరూ అదే మాట, అడగరాదా! అడిగేవాడైతే ఇన్ని తిప్పలెందుకు?

వానాకాలం వచ్చింది. పెద్దేముల్ నుంచి తెప్పించుకున్న కందికట్టె తడిసిపోయింది. కరెంటు తీగలకు తగులుతున్నాయని వీధిలో కొట్టేసిన వేపకొమ్మలు దుకాణం వెనక ఎండి ఉన్నాయి. కట్టె కట్టే కదా అని అవే వేశాడు. రంగు బ్రహ్మాండంగా వచ్చింది. సంబరంగా ముక్క కొరికాడు. ఆ చేదు నాలుక మీంచి గొంతులోకి, గొంతులోంచి కడుపులోకి దిగి సాయంత్రందాకా పోలేదు. చాయ్ తాగినా చేదే, అన్నం తిన్నా చేదే. వేప పొగ మాంసానికి పట్టిందంటే ఇక దేవుడు దిగొచ్చినా వదిలించలేడని ఆ రోజు నేర్చుకున్నాడు.

ఇవన్నీ భరించేవాడే. భరించలేనిది తాండూరు నుంచి వచ్చే టిఫిను డబ్బా. వినయ్ కూడా మామ దగ్గర నేర్చుకుంటున్నాడు. చేసినప్పుడల్లా మరదలు నిరోషా రెండు ముక్కలు అక్క కోసం ఎవరో ఒకరి చేత పంపేది. అరుణాదేవి ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకునేది. "అచ్చం నాయన చేసినట్టె ఉంది," అనేది. మొగుడి వంట తిని ఆమె ఏనాడూ కళ్లు మూసుకోలేదు, మూసుకున్నా అది వేరే కారణానికి.

"నాకొద్దు," అనేవాడు వెంకటేశ్వర్. ఆమె అటు తిరగ్గానే వంటింట్లోకి వెళ్లి, నిలబడే, డబ్బాలో మిగిలిన ముక్క తినేవాడు. ఉప్పు ఎక్కువైందేమోనని చూసేవాడు, లేదు. ఎండిపోయిందేమోనని చూసేవాడు, లేదు. మెత్తగా, కమ్మగా, కందికట్టె పొగ సన్నగా తగులుతూ ఎంత బాగుండేదంటే, అతనికి ఏడుపొచ్చేది. ఒక్క తప్పు దొరికినా ఆ రాత్రి హాయిగా నిద్రపట్టేది. ఆ తప్పు దొరికేది కాదు.

చివరికి దసరా దగ్గరపడుతుండగా అతనికీ పని పట్టుబడింది. ఎండిన కందికట్టె, గాలికి ఆరిన మాంసం, చిన్న మంట, సన్నటి పొగ. డ్రమ్ము పక్కనే పొద్దంతా కదలకుండా కూర్చున్నాడు. దుకాణానికి వచ్చిన గిరాకీని రేపు రమ్మన్నాడు. సాయంత్రం తొడ దింపి కోస్తే లోపలిదాకా గులాబీ రంగు తిరిగి ఉంది. అరుణాదేవి తిని, ఆశ్చర్యపోయి, మళ్లీ ఇంకో ముక్క తీసుకుంది.

"మంచిగైంది," అంది. అక్కడితో ఆగితే ఏం పోయేది! "వినయ్ చేసినదానికి దగ్గర దగ్గర వచ్చింది."

వెంకటేశ్వర్ ఆ రోజు అన్నం తినలేదు.

దసరా ముందురోజు చేసిన మాంసాన్ని స్టీలు డబ్బాలో పెట్టుకుని, పండగనాడు పొద్దున్నే తాండూరులో దిగాడు. మామగారిల్లు చుట్టాలతో కిటకిటలాడుతోంది. పెరట్లో పొగపొయ్యి రాజుకుని ఉంది. పీట మీద వినయ్, చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. పొగ తగలనంత దూరంలో, చూరు కింద మంచం మీద ఈరయ్య. అక్కడి నుంచే చెబుతున్నాడు. "కట్టె జర వెనకకు గుంజు కొడుకా. ఆ, గంతే. సాలు."

ఆ పిలుపు వినపడ్డ ప్రతిసారీ వెంకటేశ్వర్ కుళ్లు కింద ఎవరో పుల్ల ఎగదోసినట్టయింది.

వినయ్ ముఖం విప్పారింది. "అన్నా, వచ్చినవా! నాకు గుండె దడదడ కొట్టుకుంటుంది. గింతమంది తినాలె, ఏమైతదో ఏమో. నువ్వు జర పక్కకు కూసో, ధైర్యముంటది."

పొగరుగా మాట్లాడితే తిట్టుకోవడానికైనా ఉండేది. ఈ మంచితనంతో ఏం చెయ్యాలో వెంకటేశ్వర్‌కు తోచలేదు. పక్కన కూర్చున్నాడు. వినయ్ చేతుల కదలిక గమనించాడు. తొందర లేదు, తడబాటు లేదు. తను డాబా మీద ఒంటరిగా, బండలు పేల్చుకుని, నాలుక కాల్చుకుని నేర్చుకున్నది, వీడికి మంచం మీద నుంచి మామ గోరుముద్దలుగా తినిపించాడు.

మధ్యాహ్నం ఇంట్లోంచి నిరోషా కేకేసింది. నీళ్ల క్యాన్లు వచ్చాయి, మొయ్యడానికి మనిషి కావాలి. వినయ్ లేచాడు.

"అన్నా, జర పొయ్యి సూస్తుండు. గిప్పుడే వస్త. నువ్వుంటె నాకు ఫికరే లేదు."

వెంకటేశ్వర్ పీట మీద కూర్చున్నాడు. ఇన్ని నెలలు కలవరించిన పీట అది. వినయ్ కూర్చున్న వెచ్చదనం ఇంకా పోలేదు. ఆ వెచ్చదనమే అతన్ని మండించింది. ఇప్పుడు వాడొస్తాడు, తను లేవాలి. సాయంత్రం అందరూ తింటారు, అందరూ వాడిని మెచ్చుకుంటారు. తన డబ్బా ఏ మూలనో మూత తియ్యకుండా ఉండిపోతుంది. తీసినా 'దగ్గర దగ్గర' అంటారు.

పక్కనే, నీళ్లు కాచుకునే పొయ్యి కోసం అత్త భాగమ్మ విడిగా పెట్టుకున్న వేపపుల్లల మోపు ఉంది. చూరు కింద మామ కళ్లు మూసుకుని ఉన్నాడు. వెంకటేశ్వర్ చెయ్యి చాచాడు. గుప్పెడు పుల్లలు తీసి కందికట్టె కింద, కనపడకుండా, లోపలికి తోశాడు. చాలవేమోనని ఇంకో గుప్పెడు తోశాడు.

మంచం మీద దగ్గు వినపడింది. ఉలిక్కిపడి చూశాడు. మామ అటు తిరిగి పడుకున్నాడు. తీసేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. వినయ్ నవ్వుకుంటూ వస్తున్నాడు. తియ్యలేదు.

పొద్దువాలాక వరుసగా విస్తళ్లు వేశారు. మొదటి విడత మాంసం దిగింది, మర్నాటి కోసం రెండో విడత తొడలు ఇంకా ఉప్పు పట్టి దండెం మీద ఆరుతున్నాయి. వినయ్ పళ్లెం పట్టుకుని తనే అందరికీ వడ్డించి, చివర కూర్చుని, అందరి ముఖాలూ చూస్తున్నాడు.

మొదట పెద్దేముల్ చెన్నయ్య ఉమ్మేశాడు. ఆయన భాగమ్మకు తమ్ముడు, నోరు జారుడు మనిషి. "ఏందయ్యా గిది? మాంసం జెయ్యమంటె కషాయం జేసినవా?"

అటు నుంచి ఒకరు, ఇటు నుంచి ఒకరు ముక్కలు విస్తరి అంచుకు నెట్టారు. ఎవరో కిసుక్కుమన్నారు. వినయ్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు. నిరోషా తలుపు పక్కన నిలబడి పైట నోటికి అడ్డం పెట్టుకుంది. "మాఫ్ చెయ్యుండ్రి," అన్నాడు వినయ్ ఎవరివైపూ చూడకుండా. "ఏడనో తప్పు జేసిన."

వెంకటేశ్వర్‌కు ఒళ్లంతా తేలికైంది. ఇంత సంతోషం అతను తన పెళ్లినాడు కూడా ఎరగడు. అరుణాదేవి చుట్టాలు పస్తు ఉంటారేమోనని గబగబా మొగుడి డబ్బా తెచ్చి మూత తీసింది. వాసనకే అందరి ముఖాలూ ఇటు తిరిగాయి. "గిది గద మాంసం!" అన్నాడు చెన్నయ్య వేళ్లు నాకుతూ. "బావా, పెద్దల్లుడుండంగ చిన్నోనికి పెత్తనమిచ్చినవేంది?"

ఎన్ని నెలలు ఎదురుచూసిన మాట! వెంకటేశ్వర్ అన్నిటికంటే మంచి ముక్క ఏరి మామ విస్తరి దగ్గరికి వంగాడు. అప్పుడు చూశాడు. ఈరయ్య తలవంచుకుని వినయ్ చేసిన చేదు మాంసం తింటున్నాడు. ఒక ముక్క నమిలి, మింగి, నీళ్లు తాగి, ఇంకోటి తీసుకుంటున్నాడు. విస్తరి అంచున ఒక్కటి కూడా పక్కకు పెట్టలేదు.

"మామా, గిది రుచి సూడు," అన్నాడు వెంకటేశ్వర్.

ఈరయ్య విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "నీది మంచిగైంది అల్లుడా. వాసనకే తెలుస్తుంది. నాకు గిదే సాలు."

చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. ఇంటినిండా మెచ్చుకునే నోళ్లున్నాయి, ఒక్కటీ పనికిరాలేదు. ఎవరికోసం చేశాడో ఆ నోరు చేదు నములుతోంది.

ఇంతలో వినయ్ లేచి వచ్చాడు. కళ్లలో నీళ్లు ఆపుకుంటున్నాడు. "అన్నా, నీది మస్తుగైంది. నువ్వు పొయ్యికాడ ఉన్నవు గద. నేనేం తప్పు జేసిన్నో జెప్పు. మల్ల జెయ్య."

వెంకటేశ్వర్ మామ వైపు చూశాడు. మామ తల ఎత్తలేదు. అబద్ధాలకేం కొదవ లేదు, కట్టె పచ్చిదనవచ్చు, మంట పెద్దదైందనవచ్చు. నోరు తెరిచాడు గానీ ఒక్కటీ రాలేదు.

"వేపపుల్లలు పడ్డయి," అన్నాడు.

"వేపపుల్లలా? నేనెయ్యలే అన్నా. ఎవలేసిండ్రు?"

"నేనే."

అరుణాదేవి చేతిలోని డబ్బా మూత కింద పెట్టి, మొగుడిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. వినయ్ ముఖంలో ముందు అర్థంకానితనం, తర్వాత కోపం కనిపించాయి. విసురుగా పెరట్లోకి వెళ్లిపోయాడు.

"వాసన నాకు అప్పుడే వచ్చింది," అన్నాడు ఈరయ్య నెమ్మదిగా. "తీసేస్తవేమో అని సూసిన. శానాసేపు సూసిన." దగ్గాడు. నీళ్లు తాగాడు. తర్వాత విస్తరి ముందుకు జరిపాడు. "గిప్పుడు వెయ్యి నీది. తింట."

వెంకటేశ్వర్ చేతిలోని ముక్క వేశాడు. ముసలాయన నిదానంగా నమిలి మింగాడు. "ఉప్పు జర ఎక్కువైంది. పొగ మంచిగ పట్టింది," అన్నాడు. "పో, వానికాడికి పో. నువ్వు పోకుంటె వాడు ఇయ్యాల అన్నం తినడు."

పెరట్లో వినయ్ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, కాలగా మిగిలిన వేపపుల్లల కొసలను ఒక్కొక్కటే బయటికి లాగుతున్నాడు. అడుగుల చప్పుడు విన్నా తిరిగి చూడలేదు. వెంకటేశ్వర్ పక్కన కూర్చున్నాడు. తనూ చెయ్యి పెట్టి లాగాడు. వేళ్లు చురుక్కుమన్నాయి, అయినా లాగాడు. ఇద్దరూ కలిసి పొయ్యి ఖాళీ చేశారు, బూడిద ఎత్తిపోశారు. ఖాళీ పీట ఇద్దరి మధ్యా ఉంది.

బూడిద చేతులు దులుపుకుని వినయ్ దాన్ని తన వైపు లాక్కుని కూర్చున్నాడు. దండెం మీద ఆరుతున్న తొడలు చేత్తో తడిమి చూశాడు.

"ఇంకో విడత ఉంది," అన్నాడు, ఇంకా అటే చూస్తూ. "కందికట్టె తేపో అన్నా. సక్కగ ఏరుకొని తే."

పెద్దల్లుడు లేచి కట్టెల మోపు దగ్గరికి నడిచాడు.